బాపు కాఫీ అన్న రోజు

తెలివితక్కువతనం కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి సావాసంతో వస్తుంది. నాకు చదువుతో వచ్చింది. ఊరికే వచ్చినదైతే ఊరికే పోయేదేమో. ఫీజు కట్టి తెచ్చుకున్నది కాబట్టి చాలా కాలం భద్రంగా దాచుకున్నాను. సంగతి ముందే చెప్పేస్తాను. మా ముత్తాత నాటి నుంచి మా తోటలో ఏటేటా మొలుస్తూ వచ్చిన పసుపు విత్తనాన్ని నేను ఒక మాట తప్పుగా విని మట్టిపాలు చేశాను. పసుపు పుట్టేదే మట్టిలో కదా, మట్టిపాలు కావడమేమిటి అని మీరు అనవచ్చు. నేనూ చాలా ఏళ్లు ఇలాంటి మాటలతోనే సర్దుకుపోయాను.

మా తోట చెన్నూరు దగ్గర, గోదావరికి కొంచెం ఎగువన ఉండేది. నదికి మా వైపు ఆదిలాబాదు జిల్లా, అవతల కరీంనగరు. తోట నడుమ పెద్ద మోట బావి, బావి చుట్టూ ఎత్తుగా నల్లటి ఒండ్రు నేల. దాన్ని బావి గడ్డ అనేవాళ్లం. గడ్డ మీద ముత్తాత పెట్టిన మామిడి చెట్లు దూరదూరంగా నిలబడి ఉండేవి, ఒకరితో ఒకరికి మాటలు లేని దాయాదుల్లాగా. వాటి పలచటి నీడలో పసుపు. దాని పక్కన అల్లం మళ్లు, ఆపైన మిరప, చలికాలంలో ధనియాలు. మా ఇంట్లో క్యాలెండరు ఉండేది గానీ దానితో పని ఉండేది కాదు. పొద్దున లేచి ముక్కుతో చూస్తే నెల తెలిసిపోయేది. ధనియాల పూత వాసన వస్తే పుష్యం. పచ్చి పసుపు ఉడుకుతున్న వాసన వస్తే మాఘం. ఇంటిల్లిపాదీ తుమ్ముతుంటే మిరపకాయలు ఎండబోశారన్నమాట.

పసుపు తవ్వగానే అంతా ఉడకబెట్టరు. మొక్క మొదట్లో ఉండే తల్లిదుంపలను బాపు, అంటే మా నాన్న, ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టేవాడు. వాటిని మామిడి నీడలో కుప్ప పోసి, పైన పసుపాకు కప్పి, మన్నూ పేడా కలిపి అలికేవాళ్లు. ఎండాకాలమంతా ఆ కుప్ప అలా నిద్రపోయేది. మృగశిర కార్తెలో పెంకు పగలగొడితే లోపల దుంపలన్నీ మొలకలెత్తి ఉండేవి. అదే విత్తనం. వడ్లలాగా గాదెలో పోసి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేది కాదు. ఏడాదికోసారి నేలలో పడాలి, నేలలో నుంచి లేవాలి. ఒక్క ఏడు తప్పిందా, ఇక లేదు.

మా పసుపు విరిస్తే లోపల కుంకుమపువ్వు రంగు. వాసనలో ఎక్కడో మామిడి పూత తగిలేది. అంగట్లో బేరగాళ్లు మా బస్తా మూతి విప్పకుండానే ఎవరిదో చెప్పేవారు. కానీ విత్తనం మాత్రం ఎవరికీ ఇచ్చేవాళ్లం కాదు. ఇంటి పసుపు విత్తనం గడప దాటితే వెంట లచ్చిమి దాటుతుందని మా తాత నమ్మకం. ఒక్క ఆడపిల్లకే మినహాయింపు. అత్తగారింటికి పోయేనాడు ఆమె ఒడిలో నాలుగు తల్లిదుంపలు పోసి పంపేవారు. పెద్దపల్లి దగ్గరి ఊరికి కోడలిగా వెళ్లిన మా అక్క ఒడిలోనూ అలాగే పోశారు. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి. నేనైతే అవసరం పడేదాకా మరిచిపోయాను.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కరీంనగరులో కాలేజీలు మూతబడ్డాయి. మేము నినాదాలు ఇచ్చి గొంతులు పోగొట్టుకుని ఇళ్లకు చేరాం. మళ్లీ తెరిచాక ఎలాగో డిగ్రీ గట్టెక్కాను. పరీక్షల్లో కాపీ కొట్టే ధైర్యం లేనివాణ్ణి, తోటలో కాఫీ పెట్టే ధైర్యం మాత్రం తెచ్చుకున్నాను. ఆ ధైర్యం పోసినవాడు ఒక మొక్కల ఏజెంటు. కరీంనగరులో మా హాస్టలు ఎదుటి లాడ్జిలో దిగేవాడు. చంకలో ఎప్పుడూ ఒక ఫ్లాస్కు ఉండేది. అందులో నుంచి ఒక మూతెడు కాఫీ వంచి నా చేతికిచ్చాడు. చాయ్ తప్ప ఎరగని ఊరివాణ్ణి. ఆ వాసనకు నా బుర్రలో ఉన్న కొద్దిపాటి గాలి కూడా బయటికి పోయింది.

"మీ మామిడి నీడ కాఫీకి పుట్టిల్లండీ," అన్నాడు.

"మా దగ్గర ఎండలు జర ఎక్కువ," అన్నాను.

"నీడ ఉంది కదండీ."

"వేసవిలో గాలి కూడా కాలుతుంది."

"నీడ ఉంది కదండీ."

నేను ఏ అనుమానం చెప్పినా ఆయన దగ్గర అదే మందు. కాఫీతో పాటు మామిడి మొదళ్లకు మిరియాల తీగెలు పాకించవచ్చన్నాడు, తడి ఉన్న చోట ఏలకులు వేయవచ్చన్నాడు. ముత్తాతది పసుపు తోట, మునిమనవడిది సుగంధాల తోట. ఇంటికొస్తూ బస్సులో ఆ మాటే మనసులో తిప్పుకుంటూ కూర్చున్నాను.

బాపును అడగాలి. అడగడమంటే ఒప్పించడమే. ఆయన పసుపు తప్ప మరో మాట వింటే కదా! అప్పుడు ఆయనకు కళ్లలో పొరలు వచ్చి, ఆపరేషనుకు కరీంనగరు పోవలసి ఉంది. మృగశిర దగ్గరపడింది. ఆయన తిరిగి వచ్చేదాకా తోట నా చేతిలో ఉంటుంది. కాబట్టి ఆయన బస్సెక్కే పూటే, అన్నం తింటుండగా ఎదురుగా కూర్చున్నాను. మా అమ్మ, మా మాటలో అవ్వ, గంటె పట్టుకుని నిలబడి ఉంది.

"బాపూ, గీ యేడు బావి గడ్డ మీద పసుపు బందు వెడుదం," అన్నాను.

 బాపు కందిపప్పు కలుపుకుంటున్నాడు.

"పసుపును వాగు మడికి జరుపుదం. గడ్డ మీద తీరుతీరువి పెడుదం. మామిండ్లకు మిరియాల తీగెలు పారిద్దమా, ఏలకులు పెడుదమా, లేకుంటె కాఫీ పెడుదమా? ఏదో ఒకటి చెప్పు, నువ్వు వచ్చేవరకు పనిచేసి పెడత."

"ఇంకింత అన్నం పెట్టన్నా?" అంది అవ్వ.

బాపు పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాఫీ," అన్నాడు.

లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాల భుజాన వేసుకుని బస్సుకు బయలుదేరాడు. నేను సంచీ పట్టుకుని వెనకాల నడిచాను. నా కాళ్లు నేల మీద లేవు. మిరియాలు కాదన్నాడు, ఏలకులు కాదన్నాడు, మూడింటిలో సరైనది ఏరి ఒక్క మాటలో చెప్పాడు. ఏమి మనిషి అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బాపు చదువు నిజాం కాలపు చదువు, ఉర్దూలో సాగినది. ఉర్దూలో కాఫీ అంటే 'చాలు' అని అర్థం. ఆ మాట ఆయన పూటపూటకూ అనేవాడు. అన్నం చాలంటే కాఫీ, వాన చాలంటే కాఫీ, మా అల్లరి చాలంటే కొంచెం గట్టిగా కాఫీ. నాకు తెలియనిది కాదు, ఊయలలో ఉన్నప్పటి నుంచీ విన్నదే. కానీ ఆ పూట నా చెవులు ఉర్దూ మరిచిపోయాయి. ఆ మాట అవ్వ చేతిలోని అన్నానికి చెప్పాడో, నా నోట్లోని కూతలకు చెప్పాడో నాకు ఈనాటికీ తెలియదు. రెండింటిలో దేనికి చెప్పినా దాని అర్థం ఒక్కటే.

మొక్కలు లారీలో చెన్నూరు దాకా, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద మా తోటకు వచ్చాయి. పసుపు కుప్ప పగలగొట్టించాను. మొలకలు చక్కగా ఉన్నాయి. ఏటా అవి ఎక్కే గడ్డను కాదని, దించి వాగు మడిలో నాటించాను. వాగు మడి గోదావరిలో కలిసే వాగు పక్కన, వరి పెట్టే పల్లపు నేల. నీళ్లు బాగా అందుతాయి కాబట్టి పసుపుకు ఇంకా సుఖమని నా డిగ్రీ చెప్పింది. గడ్డ మీద మామిళ్ల కింద కాఫీ మొక్కలు వరసలుగా నిలబెట్టాను. కూలికి వచ్చిన ఆడవాళ్లు ఆకులు తుంచి నలిపి వాసన చూశారు.

"ఏం చెట్లు పటేలా గివి?"

"కాఫీ."

"కాయ తింటరా, ఆకు తింటరా?"

"గింజలు కాల్చి, దంచి, కాచి, వడగట్టి, నీళ్లు తాగుతరు."

"గంత గోసవెట్టి తాగేదానికి చాయ్ ఏం పాపం జేసింది పటేలా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వగలిగిన రోజులు అవే.

బాపు కంటి కట్టు విప్పించుకుని, సీసా అడుగులంత మందం అద్దాలు పెట్టుకుని వచ్చాడు. బస్సు దిగి ఇంటికి రాకుండా నేరుగా తోటకు వెళ్లాడు. కొత్త కన్నుతో మొదట చూడాలనుకున్నది పసుపు మొలకలను. నేను ముందే పరుగెత్తి బావి దగ్గర నిలబడ్డాను, మెచ్చుకుంటే ఎదురుగా ఉండాలని.

ఆయన మామిళ్ల కింద వరసలు చూశాడు. అద్దాలు తీసి తువ్వాలతో తుడిచి మళ్లీ పెట్టుకుని చూశాడు.

"గివేందిరా?"

"కాఫీ, బాపూ."

"ఎవడు పెట్టుమన్నడు?"

"నువ్వే గద అన్నవు! తినుకుంట, బస్సుకు పొయ్యే ముందట. ఏది పెడుదమంటె కాఫీ అన్నవు గద."

ఆయన వెనకే వచ్చిన అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఓరి కొడుకా! అన్నం సాలన్నడురా! నీ సోది సాలన్నడురా!"

నేను ఇద్దరి ముఖాలూ చూశాను. తిడతాడనుకున్నాను. కారాలూ మిరియాలూ నూరతాడనుకున్నాను. మిరియాలు ఎలాగూ నేను పెట్టలేదు. బాపు నా ముఖం వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. దారి తప్పిన పరాయి ఊరివాణ్ణి చూసినట్టు చూశాడు.

"విత్తనం యాడ వెట్టినవు?" అని మాత్రం అడిగాడు.

"వాగు మడిల."

గబగబా నడిచాడు. మడి అంచున కూర్చుని కట్టెతో మన్ను పొడిచాడు. కట్టె దిగిన గుంతలో నీళ్లు ఊరాయి. చాలాసేపు ఆ గుంతనే చూశాడు.

"వాన జర కనికరిస్తె బతుకుతది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచే ఇద్దరం కాలువలు తీయడం మొదలుపెట్టాం. మళ్లీ తవ్వి గడ్డ మీదికి మార్చడానికి వీలు లేదు, వేళ్లు పట్టాయి. నీళ్లు నిలవకుండా చూడటమే మిగిలిన పని. అప్పటి నుంచి మా ఇంట్లో అందరి కళ్లూ ఆకాశం మీదే. ఊరంతా వాన కోసం మొక్కుతుంటే మేము వాన వద్దని మొక్కేవాళ్లం. ఆ మొక్కు పైకి చెప్పుకునేది కాదు. చెబితే ఊరు ఊరుకోదు.

శ్రావణంలో ముసురు పట్టింది. గోదావరి నిండి, వాగు నీళ్లను వెనక్కి నెట్టింది. మేము తీసిన కాలువల గుండానే వాగు మా మడిలోకి వచ్చింది. నీళ్లు బయటికి పోవడానికి తవ్విన దారి లోపలికి రావడానికి కూడా దారేనని నాకు అప్పుడు తెలిసింది. నీళ్లు దిగాక మొక్కలు పచ్చగానే కనిపించాయి. నేను సంబరపడ్డాను. బాపు ఒక మొక్కను పట్టుకుని మెల్లగా లాగాడు. బురదలో నుంచి కర్ర ఊడి వచ్చినట్టు వచ్చింది. కింద దుంప లేదు, దుంప ఉన్న చోట గోధుమరంగు గుజ్జు. ఆ వాసన ఎలా ఉంటుందో రాయలేను. పెళ్లిళ్లకూ పండగలకూ వాడే వస్తువు కుళ్లితే వచ్చే వాసన మామూలు కుళ్లు కన్నా ఎక్కువగా భయపెడుతుంది.

బాపు మడి ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగుతూ పోయాడు. ప్రతి వరసలోనూ ఒక మొక్కను లాగడం, చూడటం, పక్కన పడుకోబెట్టడం. విసిరేయలేదు, పడుకోబెట్టాడు. నేను వెనకాల నడుస్తూ, ఈ వరసలో బాగుంటుంది, ఈ వరసలో బాగుంటుంది అనుకుంటూ పోయాను. చివరి వరస దాకా అనుకున్నాను. గట్టెక్కి చూసేసరికి అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

ఇంత జరిగినా కాఫీ అన్నా బతుకుతుందని నాలో ఒక పిచ్చి ఆశ. అది బతికితే బాపు ముఖం ఎలాగైనా చూడవచ్చు. వానాకాలం, చలికాలం మొక్కలు నవనవలాడాయి. శివరాత్రి దాటింది, చలి శివశివా అంటూ పోయింది, వెనకాలే ఎండ వచ్చింది. మా వైపు ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్లకు చెబితే నమ్మరు. బావిలో నీళ్లు అడుగంటాయి. కుండలతో మోశాను. తడిపిన గోనెలు కప్పాను. నీడ ఉంది కదండీ! నీడ కూడా కాలింది. మొక్కలకు నీళ్లు పోసి పోసి, చివరికి ఆ మొక్కలకే మొక్కుకున్నాను. ఆకులు ముందు రాగి రంగుకు తిరిగాయి, తర్వాత అప్పడాలయ్యాయి. పసుపు నీళ్లు ఎక్కువై చచ్చింది, కాఫీ నీళ్లు తక్కువై చచ్చింది. రెంటికీ సరిపడా ఉన్నది నా తెలివి ఒక్కటే.

బావి తొట్టి పక్కన మాత్రం ఒక్క మొక్క బతికింది. ఎద్దులు తాగగా ఒలికిన నీళ్లు దానికి అందేవి. పీకేద్దామని గునపం తీసుకుపోతే బాపు అడ్డం వచ్చాడు.

"ఉండనియ్యిరా. అదేం జేసింది?"

అప్పుడు గుర్తొచ్చింది అక్క ఒడి. మేము పోసి పంపిన తల్లిదుంపలు ఆమె పెరట్లో పెరిగి పిల్లలు పెట్టి ఉంటాయి కదా! బాపుకు చెప్పలేదు, దొరికాక చూపించాలని. మృగశిర ఇంకా రాలేదు. మంచిర్యాలలో రైలెక్కి పెద్దపల్లిలో దిగాను. అక్క నన్ను చూసి పొంగిపోయింది. కాళ్లకు నీళ్లిచ్చింది. నేను వచ్చిన పని చెప్పేసరికి ఆమె చేతిలోని చెంబు వంగింది.

"తమ్మీ, నీకో మాట చెప్త. బాపుకు చెప్పద్దు."

"నేను సుత గదే అందామనుకున్న, అక్కా. బాపుకు చెప్పద్దని."

ఇద్దరం కొంచెం నవ్వాం. తర్వాత ఆమె నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. గోడ పక్కన ఒక నీడ పట్టున పసుపాకు కుప్ప, అచ్చం మా ఇంట్లో అలికినట్టే అలికి ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది.

"ఉన్నది గదనే అక్కా!"

"ఇది మనది కాదు తమ్మీ. మనది ఎప్పుడో పోయింది. అది ఉన్న జాగల వీళ్లు బర్ల కొట్టం కట్టిన్రు. వద్దంటె ఇన్నరా? ఇది అంగడిల కొని పెట్టిన. బాపు వచ్చినప్పుడల్లా ఉన్నదా బిడ్డా అని అడుగుతడు. లేదని ఏ నోటితోని చెప్పాలె?"

పెరట్లో కొట్టం నుంచి బర్రె ఒకటి మా వైపు చూస్తూ నెమరు వేస్తోంది. మా ముత్తాత తోట దాని కాళ్ల కింద ఉంది. అక్క ఆ కుప్ప పగలగొట్టి దుంపలు సంచిలో పోసింది. "పసుపు పసుపే గద తమ్మీ. తీస్కపో. నేనిచ్చిన్నని చెప్పు," అంది. దారి పొడవునా ఆ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అన్నం కూడా దాని పక్కన పెట్టుకుని తిన్నాను. అది దొంగ సొత్తు అయి ఉంటే అంత భయం ఉండేది కాదు.

"అక్క పంపింది, బాపూ. మన విత్తనం."

బాపు ఒక దుంప తీసి విరిచాడు. లోపల నిమ్మపండు రంగు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.  రెండో ముక్క అవ్వకు ఇచ్చాడు. అవ్వ వాసన చూసి, "గిది మనది కాదు..." అంటుండగానే బాపు అందుకున్నాడు.

"మనదే. మన బిడ్డ ఇచ్చింది."

ఆ ఏడు దాన్నే బావి గడ్డ మీద నాటాడు. అంతే శ్రద్ధగా నాటాడు, అంతే శ్రద్ధగా తవ్వాడు. అంగట్లో బేరగాడు బస్తా మూతి విప్పి, చెయ్యి పెట్టి చూసి, "ఎవలది పటేలా గీ పసుపు?" అని అడిగాడు. బాపు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

ఒక సంగతి నేను చాలా ఆలస్యంగా గమనించాను. నా పెళ్లినాడు. పెళ్లికి ముందు ఇంట్లో పసుపు దంచుతారు కదా, ఆ ఏడు గడ్డ మీది పసుపుకు కుళ్లు తగలడంతో మా అవ్వ చెన్నూరు దుకాణం నుంచి కాగితం పొట్లంలో తెచ్చిన కొమ్ములను రోట్లో పోసింది. పాట పాడవలసిన ఆడవాళ్లు రోట్లోకి చూసి మొదలుపెట్టడానికి కొంచెం తటపటాయించారు. ఆ తర్వాత భోజనాల పంక్తిలో బాపు పక్కన కూర్చున్నాను. వడ్డించేవాడు అన్నం తట్టతో వచ్చాడు. బాపు విస్తరి మీద అరచెయ్యి పరిచాడు. మాట లేదు. పప్పు వచ్చింది, అరచెయ్యి. చారు వచ్చింది, అరచెయ్యి. ఆయన నోట కాఫీ అన్న మాట వినబడక ఎన్నాళ్లయిందో అని వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే, మామిళ్ల కింద నన్ను పరాయివాడిలా చూసిన రోజు దగ్గర ఆగింది. అప్పటి నుంచి ఆయన ఆ మాట అనలేదు. నేను వింటానని. వింటే నాకు ఏమి గుర్తొస్తుందోనని. బతికినన్నాళ్లు ఆయన అన్నానికి చాలు చెప్పింది చేత్తోనే.

తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

ఊరికి అంత మర్యాద లేదు. నాకు కాఫీ పటేల్ అని పేరు పెట్టింది. "కాఫీ పటేలా, చాయ్ తాగుతవా?" అని హోటలు ముందు నుంచి పిలిచేవారు. నాకు కోపం వచ్చేది కాదు. కాపుకు రాని కాఫీకి నా పేరొక్కటే కాపు.

అంగడి విత్తనం మా గడ్డను మెచ్చలేదు. కొన్నేళ్లు కాసింది, తర్వాత మచ్చలు, తర్వాత కుళ్లు. అల్లం మళ్లు ఒకటొకటే బీడు పడ్డాయి. ఎనభైలలో బాపు పోయాడు. చివరి రోజుల్లో నేనే గంజి తాగించేవాణ్ణి. చెంచా దగ్గరికి పోగానే పక్క మీద ఆయన చెయ్యి లేచేది. లేవలేనప్పుడు వేళ్లు కదిలేవి. ఒక్కసారి ఆ మాట అను బాపూ అని అడగాలనిపించింది. అడగలేకపోయాను. తర్వాత మామిళ్లు ఎండు కొమ్మలు దించుకుంటూ పోయాయి. గడ్డ మీద ఇప్పుడు పత్తి. పత్తికి వాసన ఉండదు. పొద్దున లేచి ముక్కుతో చూస్తే ఏ నెలో తెలియదు. మందు కొట్టిన రోజులు మాత్రం తెలుస్తాయి.

తొట్టి పక్కన కాఫీ మొక్క మాత్రం పెరిగి గుబురైంది. మోట పోయి కరెంటు మోటరు వచ్చినా, పైపు కారే నీళ్లు దానికి చాలేవి. ఏటా ఎండల ముందు తెల్లగా పూసేది. కాయ కట్టేది కాదు.

తొంభైలలో ఒక సాయంత్రం దాని పక్క గద్దె మీద కూర్చుని ఉన్నాను. మోటారు సైకిలు మీద ఒకాయన వచ్చాడు. జుట్టుకు నల్లరంగు, చంకలో రంగుల కాగితాలు. టేకు మొక్కలు అమ్ముతాడట. ఇరవై ఏళ్లు ఊరుకుంటే మనవళ్లు మేడలు కడతారట. కూర్చున్నాడు. సంచి తీసి కాఫీ కొమ్మకు తగిలించాడు.

"ఎండలు జర ఎక్కువ మా దగ్గర," అన్నాను, ఊరికే.

"ఇదిగో, ఇలాంటి నీడ ఉంది కదండీ."

నేను తలెత్తి చూశాను. జుట్టుకు వేసుకున్న రంగు గొంతుకు వేసుకోలేడు కదా. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నా తలలో కూడా అప్పటిది ఏమీ మిగల్లేదు, లోపలా పైనా.

"ఈ చెట్టు బాగుందండీ. నందివర్ధనమా?" అన్నాడు, ఆకు తుంచి నలుపుతూ.

"అసొంటిదే," అన్నాను.

"మీలాంటి పెద్దమనుషులు ఆలోచించి పెట్టుబడి పెడతారు. అందరూ అలా కాదు. ఈ చుట్టుపక్కలే ఎవడో వెర్రివాడు, వెనకటి రోజుల్లో, ఈ ఎండల్లో కాఫీ పెట్టాడట! కాఫీ!" ఆయన తొడ చరిచి నవ్వాడు. "మొక్కలు అమ్మినవాడు ఎవడో గానీ..."

"ఎవడో గానీ," అన్నాను నేను కూడా.

నవ్వు ఆపుకుని కాగితాలు పరిచాడు. టేకు వద్దంటే ఎర్రచందనం. అది వద్దంటే వెదురు. వెదురు నడుమ మిరియాల తీగె పాకించవచ్చు. మామిళ్లు నరికేసి యూకలిప్టస్ అయినా పెట్టవచ్చు. ఒక్కొక్క బొమ్మా నా మోకాళ్ల మీద పెడుతున్నాడు. గడ్డ మీద పొద్దు వాలుతోంది. మిగిలిన మామిళ్ల నీడలు పత్తి మీద పొడుగ్గా పడ్డాయి. నేను చెయ్యి ఎత్తాను. కాగితాల మీద అరచెయ్యి అడ్డం పెట్టాను.

"కాఫీ," అన్నాను.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆ మాట మా తోటలో వినబడింది. నా గొంతులో బాపు గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆయన ముఖం వెలిగింది. "అయ్యో, మీకెందుకండీ శ్రమ? అయినా మీ వైపు అందరూ చాయ్ అంటారు, ఇన్నాళ్లకు ఒక కాఫీ మనిషి దొరికారు!" అని కాగితాలు సర్దుకుని, మఠం వేసుకుని కూర్చున్నాడు.

నేను లేచి ఇంట్లోకి పోయాను. నా భార్య పొయ్యి మీద చాయ్ దించుతోంది.

"గాయినకు సుత పొయ్యన్నా?"

"వద్దు. ఆయన కాఫీ కోసం కూసున్నడు."

"మనింట్ల కాఫీ యాడిది?"

"లేదు."

ఆమె నా ముఖం చూసి చాయ్ గ్లాసు నా చేతికిచ్చింది. నేను గడప లోపల కూర్చుని చాయ్ తాగాను. నిదానంగా, అడుగున ఆకు కనబడేదాకా. బయట ఆయన ఒకసారి ఇంటి వైపు చూశాడు, ఒకసారి గడియారం చూసుకున్నాడు, నలిపిన ఆకు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తొట్టి పక్కన చెట్టు ఆయన నెత్తి మీద రెండు తెల్లటి పూలు రాల్చింది. దులుపుకుని, మళ్లీ వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాడు.